చీకట్లో ఖాయమైన ఆది తాళం

ధర చెప్పలేని వస్తువు ఒకటి లోకంలో ఉంటుందని నేను నమ్మని రోజులవి. వేలూరు దగ్గర గుడియాత్తంలో మాది లుంగీల అంగడి. బుద్ధెరిగినప్పటినుంచి నూలు వాసనలో పెరిగినదాన్ని. కళ్ళు మూసుకొని గుడ్డ అంచు రెండు వేళ్ళ మధ్య నలిపితే చాలు, అది చేతిమగ్గం సరుకా, మరమగ్గం సరుకా, ఒక్క ఉతుకుకే రంగు దిగిపోయేదా అని చెప్పేస్తాను. ఆ గర్వంతో కూరగాయల బండి మొదలుకొని పళ్ళ డాక్టరు దాకా అందరితోనూ బేరమాడేదాన్ని. (డాక్టరు ఫీజు తగ్గించలేదు గానీ పక్క పన్ను కూడా ఊరికే చూసి పంపించినాడు. అదీ లాభమే.) అట్లాంటిదాన్ని ఒకసారి సరుకేమిటో తెలియకుండా, ధర అడగకుండా, అవతలి మనిషి ముఖమైనా చూడకుండా బేరం ముగించుకొని వచ్చినాను. తలచుకొంటే ఇప్పటికీ వీపు మీద ఎవరో తడి గుడ్డ వేసినట్టు ఉంటుంది. వెంటనే నవ్వూ వస్తుంది.

ముందు మా అంగడి పద్ధతి ఒకటి చెప్పాలి. మా దగ్గర పెద్ద బేరాలు నోటితో జరగవు. మగ్గాల వాళ్ళ తరఫున దళారి వచ్చి నాయన ఎదురుగా కూర్చుంటాడు. ఇద్దరి మధ్య ఒక లుంగీ పరుస్తారు, దాని కింద చేతులు కలుస్తాయి. పైన వానల గురించి, పిల్లల పెళ్ళిళ్ళ గురించి మాటలు సాగుతుంటే కింద వేళ్ళు అసలు సంగతి మాట్లాడుకుంటాయి. అరచేతిలో తట్టితే బేరం మొదలైనట్టు. ఏ వేలు పట్టుకొంటే ఎంత అనేది ఒక లెక్క. చెయ్యి బోర్లా తిప్పితే ‘ఇది వద్దు, వేరే మాట చెప్పు’ అని. చూపుడు వేలు మాత్రం మా ఇంటి వేలు, అది లేచిందంటే మేం మా ధర చెబుతున్నామని. చివరికి అరచేతి మీద అరచెయ్యి పెట్టి గట్టిగా అదిమితే ఖాయం. ఖాయమైన బేరాన్ని మా ఇంట్లో ఎవరూ వెనక్కి తీసుకున్నది లేదు. కొడుకులు లేని నాయన ఈ విద్య నాకు నేర్పినాడు. “చెయ్యి బేరం చేస్తా ఉంటే ముఖం వేడుక చూస్తా ఉండాలమ్మా. ముఖంలో ఏమన్నా కనపడిందా, ముణిగిపోయినావే” అనేవాడు.

డిగ్రీ ముగిసినాక వేలూరు అంగళ్ళకు సరుకు చేరవేసే పని నా మీద పడింది. పళ్ళికొండ మీదుగా బస్సు, కాళ్ళ దగ్గర మూట, చెవుల్లో సినిమా పాటలు. ఒక మధ్యాహ్నం వేలూరు పక్కన సత్తువాచ్చేరిలో వాన పట్టుకొంటే ఒక మేడమెట్ల కింద నిలబడినాను. వీధిలో మనిషి లేడు. పైన ఎవరో పాడుతున్నారు. ఒకే వరుస, మాటలు కూడా సరిగా లేవు, అదే మళ్ళీ మళ్ళీ. కానీ వచ్చిన ప్రతిసారీ కొంచెం మారి వస్తోంది, చీకటి గదిలో ఒకే మనిషి దీపం ఒక్కొక్క మూలకూ తిప్పి చూపిస్తున్నట్టు. ఆ గొంతు వెనక ఒక తీగ ఆగకుండా మూలుగుతోంది. ఇట్లాంటి పాట నేను అంతకుముందు వినలేదని కాదు, పెళ్ళిళ్ళలో పాయసం జుర్రుకుంటూ విన్నాను. ఆ రోజు పాయసం లేదు. ‘ఇది ఎంత చేస్తుంది?’ అని అలవాటు కొద్దీ లోపల లెక్క వేసుకోబోయినాను. అంకె తేలలేదు. ఎక్కువా తక్కువా అనేది కూడా తెలియలేదు. వాన ఆగింది, పాట ఆగింది, ఆ మూలుగు మాత్రం ఆగలేదు. బస్సెక్కినాక కూడా అది నా పక్కనే కూర్చున్నట్టు అనిపించింది.

మరుసటి వారం మెట్లు ఎక్కి తలుపు తట్టినాను. అక్కడ పాట చెప్పే ఆమెకు వీధిలో తంబూరమ్మ అని పేరు, ఎందుకంటే ఆ ఇంట్లో తంబూరా పెట్టె పగలూ రాత్రీ మోగుతూనే ఉంటుంది. (కరెంటుతో మోగే చిన్న పెట్టె అది. దానికి మనిషి అక్కరలేదు. అదే నన్ను భయపెట్టింది.) పట్టపగలు కూడా ముందు గదిలో సాయంత్రంలా ఉండేది. లోపలి గదికి అడ్డంగా ముదురు ఎరుపు తెర. దాని వెనక ఎవరో చెక్క మీద మెల్లగా తడుతున్నారు. తట్టడం, ఆగడం, మళ్ళీ తట్టడం. నేను మెడ సాచి చూస్తే ఆమె కళ్ళద్దాల మీదనుంచి చూసింది.

“ఏమ్మా, నువ్వు పాట అడగడానికి వచ్చినావా, ఇల్లు కొనడానికి వచ్చినావా?”

“పాటకేనండీ. నాకు ఆ సరళీ వరుసలు అవన్నీ వద్దు, చిన్నపిల్లలకు ఇచ్చుకోండి. నేరుగా ఒక కీర్తన ఇవ్వండి. బాగుంటే మళ్ళీ వస్తాను.”

“ఓహో. శాంపులా?”

“అట్లనే అనుకోండి.”

ఆమెకు కోపం రాలేదు. నవ్వూ రాలేదు. “చూడమ్మా, పెద్దవాళ్ళకు చెప్పి చెప్పి విసిగిపోయినాను. రెండు నెల్లు వస్తారు, అంతా ఫోనులో పట్టుకొని పోతారు, ఆ ఫోను కూడా మళ్ళీ వినదు. నేను పెద్దవాళ్ళను చేర్చుకొనేది మానేసినాను” అంది. నేను లేవలేదు. అంగడిలో గిరాకీ ‘వద్దు’ అన్నప్పుడే అసలు బేరం మొదలవుతుందని నాకు తెలుసు. పిల్లలు వచ్చినారు, పాడినారు, పోయినారు. నేను ఒక మూల కూర్చొనే ఉన్నాను. చివరికి ఆమె నిట్టూర్చింది.

“ఒక్క రాగం పట్టుకో. మోహనం. అందులో ఒకే పాట. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి విను. అర్థం చేసుకొనేదానికి పోవద్దు. తరువాత వచ్చేది నీకు ముందే తెలిసేదాకా అదే విను. తెలిసినాక అదే పాట ఇంకొకరు పాడింది విను. తేడా తెలిసిన రోజు నీకు చెవి పుట్టినట్టు.”

అది నాకు వెంటనే అర్థమైంది. ఒకే రకం లుంగీ ఇద్దరు నేసినప్పుడు అంచు దగ్గర తెలిసే తేడా లాంటిదే గదా. “అయితే తాళం?” అన్నాను. ఆమె తొడ మీద వేసి చూపించింది. దెబ్బ, చిటికెన వేలు, ఉంగరపు వేలు, నడిమి వేలు. మళ్ళీ దెబ్బ, చెయ్యి తిప్పు. దెబ్బ, తిప్పు. ఆది తాళం, అంతే. నేనూ వేసినాను. దెబ్బ, చిటికెన, ఉంగరం, నడిమి, ఆ వెంటనే చూపుడు వేలు తనంతట తానే లేచింది.

“ఆ నాలుగోది ఎందుకు లేచింది?”

“అది మా ఇంటి వేలండీ.”

“ఇక్కడ దానికి పని లేదు. మళ్ళీ వెయ్యి.”

మళ్ళీ వేసినాను. మళ్ళీ లేచింది. మా నాయన ఏళ్ళ తరబడి పెంచిన వేలది, నా మాట వింటుందా? తంబూరమ్మ తల పట్టుకొంది. “సరి. వచ్చే ఆదివారం సాయంత్రం కచేరీ ఉండాది, కోట దగ్గర పాత హాల్లో. పెద్ద కీర్తన ఆది తాళమే. నేను నీ వెనక వరసలో కూర్చుంటాను. మొదలు నుంచి ముగిసేదాకా తాళం తప్పకుండా వేసినావంటే నిన్ను చేర్చుకుంటా. తప్పిందా, మీ అంగడి నీకు, మా పాట మాకు. తరువాత నువ్వు ఈ మెట్లెక్కకూడదు.” నేను ఇంకొక అవకాశం కొసరుగా అడిగినాను. ఇవ్వలేదు. తెర వెనక తట్టడం ఆగిపోయింది, ఎవరో మా బేరం వింటున్నట్టు.

ఇంట్లో ఈ సంగతి చెబితే నాయన సరుకు మడతపెడుతూనే, “సంగీతమా? దాన్ని మీటర్ల లెక్కన ఇస్తారా, డజన్ల లెక్కనా?” అన్నాడు. అమ్మ, “గొంతుకేమి, బజారు కడదాకా వినపడేంత ఉండాది” అంది. నేను ఫోనులో మోహనం పెట్టుకొని తొడ మీద దెబ్బలు వేసుకుంటూ కూర్చునేదాన్ని. ఒక సాయంత్రం ఆ పాట ముగిసినాక ఫోను తనకు తోచిన పాట ఇంకొకటి ఎత్తుకొంది. అమ్మ దీపం పెట్టబోతూ ఆగిపోయింది. “ఏమే, పున్నాగవరాళి గదా అది? దీపాలు పెట్టే వేళ పాములను పిలిచే రాగం పెడతారా?” ఆమె అనడం, నూలు మూటల వెనక ఏదో జరజరమని పాకడం ఒకేసారి జరిగినాయి. (కొలత టేపు జారిపడిందని నాయన తేల్చినాడు. నేను మాత్రం చాన్నాళ్ళు ఆ మూల మూటలు ముట్టుకోలేదు.) ఇంత చేసినా చూపుడు వేలు లేస్తూనే ఉండింది. దారంతో కట్టినాను. దారంతో సహా లేచింది. శనివారానికి నాకు ఏడుపొక్కటే తక్కువ. ఎందుకంటే ఆ పాటికి మోహనంలో తరువాత ఏమి రాబోతుందో నాకు ముందే తెలియడం మొదలైంది, అది తెలిసిన క్షణాన ఒళ్ళు ఝల్లుమనేది. ఆ మెట్లు నాకు మూసేస్తే ఈ ఝల్లుమనడం ఇంక యాడ దొరుకుతుంది? ఏ అంగడిలో అడగాలి?

ఆదివారం సరుకు ఒకటి దింపకుండా మిగిలిపోతే ఆ పొట్లంతోనే హాలుకు పోయినాను. రేకుల కప్పు హాలు. గోడ పక్కన స్తంభం చాటున ఒక కుర్చీ దొరికింది. ఎడమ వైపు స్తంభం, కుడివైపు కుర్చీలో నా లుంగీల పొట్లం, పురికొసతో కట్టింది. వాన చలికి చేతిసంచిలోనుంచి శాంపులు లుంగీ ఒకటి తీసి ఒళ్ళో పరుచుకొన్నాను. వెనక వరసలో తంబూరమ్మ కళ్ళద్దాలు మెరిసినాయి. పెద్ద కీర్తన మొదలైంది. నేను దెబ్బ వేసినాను. నాలుగోసారికే తప్పినాను. మళ్ళీ అందుకోబోయేంతలో కరెంటు పోయింది.

జనరేటరు దగ్గర ఎవరో తంటాలు పడుతున్నట్టు చప్పుడు. కొందరు ఫోను దీపాలు వెలిగించినారు. “ఆపండి, అయ్యగారు అట్లనే పాడతారంట” అని ఎవరో అన్నారు. దీపాలు ఆరిపోయినాయి. మైకు లేదు, వెలుతురు లేదు. రేకుల మీద వాన, దాని అడుగున ఒక ముసలి గొంతు. అంత దట్టమైన చీకటి నేను మా నూలు గోదాములో కూడా చూడలేదు. అప్పుడు నా ఒళ్ళోని లుంగీ కిందకు ఒక చెయ్యి వచ్చింది.

ఇంకెవరైనా అయితే కేక పెట్టేవాళ్ళు. నేను పెట్టలేదు, అదే నా తలరాత. గుడ్డ కింద చెయ్యి వచ్చిందంటే మా ఇంట్లో అర్థం ఒకటే. ముఖంలో ఏమీ కనపడకుండా (ఆ చీకట్లో ఎవరికి కనపడుతుందని!) నిటారుగా కూర్చొని నా చెయ్యి ఇచ్చినాను. చల్లటి చెయ్యి. ముసలి ఆడమనిషి చెయ్యి, ఎముక మీద చర్మం వదులుగా జారుతోంది. రెండు వేళ్ళ కొసల్లో తీగ కోసినట్టు లోతైన గీతలు. అది నా అరచేతిలో ఒకసారి తట్టింది. బేరం మొదలు. చిటికెన వేలు నొక్కింది. ఉంగరపు వేలు నొక్కింది. నడిమి వేలు. పరవాలేదే, పెంచుతోంది, అనుకున్నాను. మళ్ళీ తట్టి, నా చేతిని బోర్లా తిప్పింది. వద్దంట. మళ్ళీ తట్టి, మళ్ళీ తిప్పింది. మళ్ళీ వద్దంట. సరే నా మాట చెబుదామని చూపుడు వేలు ఎత్తినాను. ఆ చెయ్యి నా వేలిని మెల్లగా, పసిపిల్ల చేతిలోంచి కత్తి తీసుకున్నంత జాగ్రత్తగా, మడిచి లోపల పెట్టేసింది. మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టింది.

అంత మొండి గిరాకీని నేను చూడలేదు. అదే పెంచడం, అదే వద్దనడం. నేను వేలెత్తుతాను, అది మడుస్తుంది. ఎత్తుతాను, మడుస్తుంది. సరుకేమిటో అడుగుదామంటే నోరు తెరవకూడదనేది మా పద్ధతి. ఇట్లా ఎంతసేపు సాగిందో తెలియదు, ఉన్నట్టుండి నా వేలు లేవడం మానుకొంది. ఆ చెయ్యి చిటికెన వేలు నొక్కకముందే నా వేలు దాని కోసం ఎదురుచూస్తోంది. అప్పుడు పాట వినపడింది. అంతదాకా వినపడలేదని కాదు. పల్లవి ఊరంతా తిరిగి, యాడయాడికో పోయి, ఇంక రాదు అనుకున్నంతలో సరిగ్గా నా అరచేతిలో ఆ తట్టు పడే చోటికి వచ్చి కూర్చునేది. మళ్ళీ పోయేది. మళ్ళీ అక్కడికే వచ్చేది. నా అరచెయ్యి దాని ఇల్లు అయినట్టు. నాకు భయం వేసింది, కళ్ళలో నీళ్ళు వచ్చినాయి. రెండూ ఒకేసారి రావడం అదే మొదలు.

మృదంగం ఒక్కటే వాయించే ఘట్టం వచ్చింది. మొదలవుతుండగానే ఆ చెయ్యి నా అరచేతి మీద పూర్తిగా పరుచుకొని గట్టిగా అదిమింది. ఖాయం. నేను ఆలోచించకుండా తిరిగి అదిమినాను. చెయ్యి పోయింది. దీపాలు వచ్చినాయి.

తల తిప్పి చూసినాను. కుడివైపు కుర్చీలో నా లుంగీల పొట్లం. పురికొస ముడి నేను వేసిన ముడే. పొట్లం నేను పెట్టిన చోటే. దాని మీద గానీ పక్కన గానీ ఒక పిల్లి కూడా కూర్చునేంత జాగా లేదు. ఎడమవైపు స్తంభం. నేను ఏమి అమ్మినాను? ఏమి కొన్నాను? ఎవరికి మాటిచ్చినాను? చెయ్యి మాత్రం తాళం వేస్తూనే ఉంది, ఎందుకంటే ఆపితే ఏమవుతుందో అని ఆపేదానికి ధైర్యం చాల్లేదు. మృదంగం ఎన్ని వంకరలు తిరిగినా, చుట్టుపక్కల తెలిసినవాళ్ళ చేతులే తడబడి ఆగిపోయినా, నా చెయ్యి కళ్ళకు గంతలు కట్టిన గుర్రంలా దారి తప్పకుండా పోతూనే ఉంది. ముగింపు వచ్చి పల్లవి మళ్ళీ అరచేతిలో పడేదాకా పోయింది. వెనకనుంచి తంబూరమ్మ వంగి నా చెవిలో, “మొదట్లో తప్పినావు, తరువాత తప్పలేదు. రేపు రా” అంది.

మర్నాడు మెట్లెక్కినాను. ఆమె నన్ను చూడగానే, “మళ్ళీ వెయ్యి” అంది. వేసినాను. చూపుడు వేలు ముడుచుకొని ఉండింది. ఆమె కాసేపు చూసి, తెర పక్కకు లాగి, “అమ్మా, ఆ గుడియాత్తం పిల్ల వచ్చింది” అంది.

లోపల మంచం మీద ఒక అవ్వ. పిట్టంత మనిషి. గోడకు ఆనించి తీగలు లేని వీణ ఒకటి. తంబూరమ్మ మెల్లగా చెప్పింది, ఒకప్పుడు వీణ వాయించేదంట, కాళ్ళు పడిపోయి మంచంలో ఉండి చాలా రోజులంట, మెట్లు దిగి వీధి చూసి కూడా అంతే కాలమైందంట, తంబూరా ఆగితే ఊపిరాడదని లేస్తుందంట. మంచం పట్టె మీద తట్టేది ఆమే. అవ్వ చెయ్యి చాచింది. నేను ఇచ్చినాను. చల్లటి చెయ్యి. రెండు వేళ్ళ కొసల్లో గీతలు.

“నిన్న సాయంత్రం అవ్వ యాడ ఉన్నారు?” అని తంబూరమ్మను అడిగినాను.

“యాడ ఉంటుంది? ఈడనే. ఊరంతా కరెంటు పోతే పెట్టె ఆగిపోయింది గదా, గోల చేస్తుందని భయపడితిని. పక్కింటి ఆమె కూర్చోనుండింది. ఏమీ అనలేదంట. కళ్ళు మూసుకొని దుప్పటి కింద చెయ్యి ఆడిస్తా పడుకొనుండిందంట.”

అవ్వ నా చేతిని వదల్లేదు. నేను ఇంక ఆగలేక వంగి, ఆమెకు మాత్రమే వినపడేట్టు, “అవ్వా, ఏం ధరకు ఖాయం చేసినావు?” అన్నాను. అవ్వ పళ్ళు లేని నోటితో నవ్వింది. చాలాసేపు నవ్వింది. “ఖాయమైనాక ధర అడుగుతారా, అంగడి పిల్లా?” అంది.

మా బేరాల భాష ఆమెకు ఎట్లా తెలుసని ఇన్నేళ్ళుగా ఆలోచిస్తున్నాను. వేలూరులో వ్యాపారుల మధ్య బతికిన మనిషి, ఎప్పుడో చూసి ఉంటుంది. తంబూరమ్మ నా వేలి గొడవ ఆమెకు ముందే చెప్పి ఉంటుంది. పగలు ఇట్లా అనుకుంటే సరిపోతుంది. తంబూరమ్మ నన్ను చేర్చుకొంది, సరళీ వరుసలతోనే మొదలుపెట్టింది, చిన్నపిల్లల పక్కనే కూర్చోబెట్టింది. అవ్వ పోయేదాకా పాఠం ముగిసిన ప్రతిసారీ ఆమె మంచం పక్కన కూర్చొని చెయ్యి ఇచ్చేదాన్ని. దుప్పటి కింద ఆమె ఏదో ఒక తాళం వేసేది, నేను అది ఏదో కనుక్కోవాలి. తప్పు చెబితే వేలు మడిచేది. మాటలు పెద్దగా ఉండేవి కావు. నేను పాటగత్తెను కాలేదు. గొంతు ఇప్పటికీ బజారు కడదాకా వినపడే గొంతే. కానీ మోహనం ఎవరు ఎత్తుకొన్నా అది యాడ వాలుతుందో నాకు తెలుసు, వాలినప్పుడు ఇప్పటికీ ఝల్లుమంటుంది.

ఇప్పుడు అంగడి నేనే చూస్తున్నాను. గల్లాపెట్టె పక్కన చిన్న స్పీకరు ఒకటి పెట్టుకొన్నాను. దానితో ఒక నష్టం ఉంది. పాట నడుస్తుండగా నేను బేరమాడలేను. చెయ్యి తాళంలో ఉంటే నోటికి ‘గిట్టదు’ అనే మాట రాదు, అవతలివాళ్ళు చెప్పిందానికి తల ఊపేస్తాను. ఈ సంగతి బజారంతా పాకిపోయింది. తెలిసిన గిరాకీలు కొందరు వచ్చి మెట్ల దగ్గరే చెప్పులు విడుస్తూ, మళ్ళీ తొడుక్కుంటూ, లేని ఫోను మాట్లాడుతూ, లోపల పాట మొదలయ్యేదాకా కాలక్షేపం చేస్తుంటారు. మా నాయన ఉంటే నన్ను చూసి తల బాదుకొనేవాడు. నేను వాళ్ళను గమనించనట్టే ఉంటాను. కాసేపు లుంగీలు మడతపెడతాను, గల్లా సర్దుతాను. పాపం, ఎంతసేపని నిలబడతారు అనిపించి, మోహనం పెడతాను.